యూపీఐ, పిక్స్, ఫాస్టర్ పేమెంట్స్: ఏ దేశపు తక్షణ చెల్లింపుల వ్యవస్థ మెరుగైనది?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి యూపీఐ వాడి, చదువు కోసం బర్మింగ్‌హామ్ వెళ్లారు. ఇంటి అడ్వాన్సు పంపాలంటే ఆరంకెల సార్ట్ కోడ్ (బ్యాంకు శాఖను సూచించేది), ఎనిమిదంకెల ఖాతా సంఖ్య టైపు చేయమన్నారు. యజమాని ఫోను నంబరుకు పంపే వీలే లేదు. బ్రిటన్ ఇంత వెనుకబడి ఉందా, యూపీఐ నిజంగా ప్రపంచంలో మొదటిదేనా, బ్రెజిల్ వాళ్ల పిక్స్ ఇంకా గొప్పదంటున్నారు నిజమేనా అని అడిగారు. వరంగల్‌లో ఉన్న మీ నాన్నగారు నేరుగా యూపీఐతో మీకు ఫీజు డబ్బు పంపగలరా అన్నది చివరి ప్రశ్న.

నా సమాధానం ఇది. సామాన్యుడి చేతిలో సులువుగా ఒదగడంలో యూపీఐకి సాటి లేదు. నిర్మాణంలో పిక్స్ మెరుగు. మోసపోయిన మనిషికి డబ్బు తిరిగి ఇప్పించడంలో బ్రిటన్ ముందుంది. కూరగాయల బండి దగ్గర నాకు యూపీఐ కావాలి. మా అమ్మ పింఛను పడే ఖాతాకు మాత్రం బ్రిటన్ నిబంధన కావాలి.

నేను ఇరవై ఏళ్లకు పైగా బ్యాంకు చెల్లింపుల విభాగంలో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం గడిచింది లెక్కలు సరిచూసే చోట, ఖాతాదారుల వివాదాలు పరిష్కరించే చోట. మధ్యలో రెండేళ్లు బ్రిటన్‌లో ఒక బ్యాంకు ప్రాజెక్టులో ఉన్నాను. అందుకే నా చూపు ఎప్పుడూ డబ్బు సజావుగా చేరిన లావాదేవీ మీద కన్నా, దారి తప్పినదాని మీదే ఉంటుంది.

చాలామంది ఈ వ్యవస్థలను వేగంతో పోలుస్తారు. ఆ పోలికకు ఇప్పుడు అర్థం లేదు. బ్రిటన్‌లో ఫాస్టర్ పేమెంట్స్ 2008 మే 27న మొదలైంది. అప్పటికి మన దగ్గర ఐఎంపీఎస్ అనే తక్షణ బ్యాంకు బదిలీ సేవ కూడా లేదు, అది 2010 నవంబరులో వచ్చింది. యూపీఐ 2016లో, యూరప్ తక్షణ బదిలీ పథకం 2017లో, పిక్స్ 2020 నవంబరు 16న వచ్చాయి. అన్నిటిలోనూ సొమ్ము క్షణాల్లోనే చేరుతుంది. రెండు క్షణాలా, ఎనిమిది క్షణాలా అన్న తేడా ఎవరి జీవితాన్నీ మార్చదు. నేను అడిగే ప్రశ్నలు వేరు. సందేశం వెళ్లినప్పుడు బ్యాంకుల మధ్య డబ్బు కూడా వెళ్లిందా? బ్యాంకులు చేరి తీరాలన్న నియమం ఉందా? పొరపాటో మోసమో జరిగితే నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది?

మొదటిదానికి యూపీఐతోనే ఉదాహరణ చెబుతాను. మీరు పిన్ కొట్టగానే ముందు మీ బ్యాంకు మీ ఖాతాలో సొమ్ము తగ్గిస్తుంది. తరువాత యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ స్విచ్, అంటే బ్యాంకుల మధ్య సందేశాలు చేరవేసే యంత్రాంగం, అవతలి బ్యాంకుకు జమ చేయమని చెబుతుంది. ఆ బ్యాంకు జమ చేసి బదులిస్తుంది. బ్యాంకుల మధ్య అసలు డబ్బు మాత్రం అప్పుడు కదలదు. రోజుకు పలు విడతల్లో ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో నికరంగా లెక్కగట్టి, రిజర్వు బ్యాంకు దగ్గరున్న ఖాతాల్లో సర్దుతారు. అవతలి బ్యాంకు నుంచి సకాలంలో బదులు రాకపోతే ఆ లావాదేవీని 'డీమ్డ్' అంటారు, అంటే అయినట్టే లెక్క. జమ చేయడమో వెనక్కి పంపడమో ఆ బ్యాంకు లెక్కలు చూసుకున్నాక తేల్చాలి. మీ ఫోనులో 'పెండింగ్' అని కనిపించే ఆ మాట వెనుక ఉన్న కథ తరచుగా ఇదే.

దీనివల్ల వచ్చిన ఒక కేసు నాకు బాగా గుర్తుంది. ఒకావిడ మంగళగిరిలో ఒక నేత కుటుంబం దగ్గర చీరలు కొని రూ.14,000 పంపారు. పెండింగ్ అని వచ్చింది. వాళ్లు ఎదురుగా కూర్చుని ఉన్నారు, ఈవిడకు బస్సు వేళవుతోంది. మళ్లీ పంపారు. సాయంత్రానికి రెండూ జమయ్యాయి. రెండూ ఆమె పిన్‌తో జరిగినవే కాబట్టి బ్యాంకుగా మేము వెనక్కి లాగలేం. ఆ నేత పనివారు నిజాయితీపరులు, కానీ ఆ సొమ్ము అప్పటికే నూలు బాకీకి కట్టేశారు. రెండు విడతల్లో తిరిగి ఇచ్చారు. అప్పటి నుంచి నేను అందరికీ చెప్పే మాట ఒకటుంది: పెండింగ్ అని వస్తే అదే మొత్తం వెంటనే మళ్లీ పంపకండి. ఒకరికి పంపిన సొమ్ము వాళ్లకు జమ కాకపోతే, లావాదేవీ జరిగిన మర్నాటికల్లా వెనక్కి రావాలి. రాకపోతే రోజుకు రూ.100 చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. దుకాణానికి కట్టినదైతే ఐదు రోజుల గడువు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన నియమాలివి. అడిగితే తప్ప ఇవ్వని బ్యాంకులున్నాయి కాబట్టి అడగండి.

పిక్స్‌ను కట్టిన తీరు వేరు. బ్రెజిల్ కేంద్ర బ్యాంకే నియమాలు రాసింది, యంత్రాంగాన్నీ తానే నడుపుతోంది. ప్రతి చెల్లింపూ కేంద్ర బ్యాంకు దగ్గరున్న ఖాతాల్లో అక్కడికక్కడే, ఒక్కొక్కటిగా, రాత్రీ పగలూ పూర్తవుతుంది. పంపే సంస్థ సొమ్మును పక్కన పెట్టి ఉంచుతారు, అందుకునే సంస్థ సరేనంటేనే దాటుతుంది. మన 'డీమ్డ్' లాంటి సందిగ్ధానికి అక్కడ చోటు తక్కువ. ఆస్ట్రేలియా వ్యవస్థ, యూరప్ కేంద్ర బ్యాంకు నడిపే టిప్స్, అమెరికాలోని ఫెడ్‌నౌ కూడా ఇదే బాటలో ఉన్నాయి. బ్రిటన్ మాత్రం మనలాగే తరువాత సర్దుకునే పద్ధతి, పని దినాల్లో మూడు విడతలు. అయితే అక్కడి బ్యాంకులు తాము బాకీ పడగల సొమ్మును ముందే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉంచాలి.

అక్కడికక్కడే పూర్తవడంలోనూ ప్రమాదం ఉంది. 2025లో బ్రెజిల్‌లో చిన్న సంస్థలను కేంద్ర బ్యాంకు వ్యవస్థతో కలిపే ఒక సాంకేతిక సంస్థలోకి నేరగాళ్లు చొరబడ్డారు. అక్కడి ఉద్యోగి ఒకరు తన లాగిన్ వివరాలు అమ్ముకున్నట్టు తేలింది. కొల్లగొట్టింది జనం ఖాతాలను కాదు, సంస్థలు కేంద్ర బ్యాంకులో ఉంచిన నిల్వలను. ఆ సొమ్ము పిక్స్ మీదుగానే చెల్లాచెదురైంది. వెనక్కి తిరగని చెల్లింపు దొంగకూ అంతే గట్టిగా పనిచేస్తుంది.

రెండో ప్రశ్న, బ్యాంకుల చేరిక. అమెరికా కథంతా ఇక్కడే ఉంది. అక్కడ బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లు కలిపి తొమ్మిది వేలకు అటూ ఇటూ ఉంటాయి. పెద్ద బ్యాంకుల ఉమ్మడి సంస్థ ఆర్‌టీపీ అనే తక్షణ చెల్లింపుల వ్యవస్థను 2017 నవంబరులో తెచ్చింది. ఫెడరల్ రిజర్వు తన ఫెడ్‌నౌను 2023 జులై 20న మొదలుపెట్టింది. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. చేరడం బ్యాంకుల ఇష్టం. చేరినవాటిలోనూ చాలా బ్యాంకులు అందుకోవడానికే సిద్ధపడ్డాయి తప్ప పంపే సదుపాయం ఇవ్వలేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు ఇప్పటికీ అద్దెకు చెక్కులు రాస్తున్నారంటే కారణం ఇదే. సాంకేతికత లేక కాదు, బ్యాంకులను ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టే అధికారం ఎవరూ వాడలేదు.

బ్రెజిల్ ఇందుకు పూర్తిగా వ్యతిరేక దారి పట్టింది. అయిదు లక్షలకు మించి ఖాతాలున్న ప్రతి సంస్థా మొదటి రోజు నుంచే పిక్స్ ఇవ్వాలని శాసించింది, వ్యక్తుల నుంచి రుసుము తీసుకోరాదంది. కొన్నేళ్లలోనే 15 కోట్ల మందికి పైగా వాడకందారులయ్యారు. యూరప్ మొదట అమెరికాలా బ్యాంకుల ఇష్టానికి వదిలి చూసింది. పని జరగకపోవడంతో 2024లో చట్టం తెచ్చింది. యూరో దేశాల బ్యాంకులు 2025 జనవరి 9 నుంచి తక్షణ చెల్లింపులు అందుకోవాలి, అక్టోబరు 9 నుంచి పంపాలి. మామూలు బదిలీకన్నా ఎక్కువ రుసుము తీసుకోకూడదు. ఇన్ని దేశాలు చూశాక నా అభిప్రాయం గట్టిపడింది: శాసించిన చోటే ఇది జనం దాకా చేరింది.

మన యూపీఐ ప్రత్యేకత మరొకటి ఉంది. ఖాతా ఒక బ్యాంకుది, యాప్ మరొకరిది కావచ్చు. ఎవరి క్యూఆర్‌నైనా ఎవరి యాప్‌తోనైనా స్కాన్ చేయవచ్చు. చైనాలో రెండు పెద్ద యాప్‌లు చాలాకాలం వేర్వేరు ప్రపంచాలుగా ఉండిపోయాయి. మనకు ఆ గోడలు లేవు. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు తొలిసారి ఒక్క నెలలో 2,000 కోట్లు దాటాయి. టీ కొట్టు దగ్గర పది రూపాయలకు సౌండ్ బాక్స్ పలికే దేశం మనది, ఆ గర్వం నాకూ ఉంది.

కానీ ఆ భారమంతా దాదాపు రెండు యాప్‌ల మీద ఉంది. ఫోన్‌పే, గూగుల్ పే కలిసి ఐదింట నాలుగు వంతులకు పైగా లావాదేవీలు మోస్తున్నాయి. ఏ యాప్ వాటా 30 శాతం మించకూడదని ఎన్‌పీసీఐ 2020లోనే చెప్పింది. అమలు గడువు జరుగుతూ జరుగుతూ 2026 చివరికి చేరింది. 2020 మార్చిలో యెస్ బ్యాంకుపై మారటోరియం (తాత్కాలిక ఆంక్షలు) విధించినప్పుడు, అప్పట్లో ఆ ఒక్క బ్యాంకు మీదే ఆధారపడిన ఫోన్‌పే సేవలు ఆగిపోయాయి. కోట్ల మంది జేబులు ఒక్కసారిగా మూతపడ్డాయి. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో యూపీఐ పలుమార్లు మొరాయించింది. ఏప్రిల్ 12నాటి అంతరాయానికి కారణం, లావాదేవీ ఏమైందని బ్యాంకులు స్విచ్‌ను అదేపనిగా అడగడం. ఆ తరువాత అలాంటి విచారణలకు పరిమితులు పెట్టారు.

దీనికీ డబ్బు కొరతకూ సంబంధం ఉందని నా నమ్మకం. 2020 జనవరి నుంచి యూపీఐకి దుకాణదారుడి నుంచి బ్యాంకు ఏమీ తీసుకోకూడదు. ప్రభుత్వం ప్రోత్సాహకం ఇస్తోంది, 2024-25కు రూ.1,500 కోట్లు కేటాయించింది. చిన్న దుకాణానికి ఉచితం ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. పెద్ద మాల్‌కు కూడా ఉచితం ఎందుకో నాకు అర్థం కాదు. బ్రెజిల్‌లో వ్యక్తులకు ఉచితం, వ్యాపారాల నుంచి బ్యాంకులు కొంత తీసుకోవచ్చు. రాబడి లేని పనికి యంత్రాలు పెంచమని మా విభాగం అడిగినప్పుడల్లా పై వాళ్ల ముఖాలు ఎలా ఉండేవో నాకు తెలుసు.

ఇక అసలు విషయం, మూడో ప్రశ్న. కాస్త ఓపికగా చదవండి.

తెనాలికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి రెండు రోజులు ఆమెను ఇంట్లోనే కదలనివ్వలేదు. పత్రికలు డిజిటల్ అరెస్టు అంటున్న మోసం అది. ఆమె తన చేతులతోనే ఐఎంపీఎస్ ద్వారా రెండు దఫాలుగా రూ.6,40,000 పంపారు. మర్నాడు మధ్యాహ్నం కొడుకు వచ్చి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేశాడు. అప్పటికి ఆ సొమ్ము ఏడు ఖాతాలు మారింది, కొంత ఏటీఎంలలో బయటికి పోయింది. ఆపగలిగింది రూ.38,000. ఆ కాస్త ఆమె చేతికి రావడానికీ నెలలు పట్టింది. ఆమె నా ఎదుట కూర్చుని, "నేనే పంపాను బాబూ, నా తప్పే" అని పదే పదే అన్నారు. మన నియమాలూ ఆ మాటే అంటాయి. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన రక్షణ మీ అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకే. మీరు భయపడో నమ్మో సొంతంగా పిన్ కొడితే అది మీ అనుమతి కిందికే వస్తుంది.

ఇదే బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 తరువాత జరిగి ఉంటే? మోసపోయి స్వయంగా పంపిన సొమ్ముకు కూడా బ్యాంకులు 85,000 పౌండ్ల వరకు, సాధారణంగా ఐదు పని దినాల్లో తిరిగి ఇవ్వాలి. ఖాతాదారు తీవ్రమైన నిర్లక్ష్యం చూపినట్టు బ్యాంకు నిరూపించగలిగితే తప్ప తప్పించుకోలేదు. నిస్సహాయ స్థితిలో ఉన్నవారి విషయంలో ఆ సాకూ చెల్లదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి: ఆ పరిహారంలో సగం పంపిన బ్యాంకుది, సగం దొంగ ఖాతా ఉన్న బ్యాంకుది.

ఈ రెండో సగం ఎందుకు అంత ముఖ్యమో వివాదాల విభాగంలో పనిచేసినవారికే తెలుస్తుంది. మోసపు సొమ్ము పడే ఖాతాలన్నీ ఎక్కడో ఒక శాఖలో తెరిచినవే. కమీషన్ ఆశ చూపి విద్యార్థుల, కూలీల పేర్లతో తెరిపించి, అద్దెకు తీసుకున్న ఖాతాలు. నెలల తరబడి నిల్వ లేని ఖాతాలో పొద్దున లక్షలు పడి సాయంత్రానికి ఖాళీ అవుతుంటే, ఆ బ్యాంకుకు కనిపించదా? కనిపిస్తుంది. కానీ నష్టం తనది కానప్పుడు చూడాలన్న తొందర ఉండదు. జేబుకు చిల్లు పడుతుందనగానే కళ్లు తెరుచుకుంటాయి. మన రిజర్వు బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ ఇలాంటి ఖాతాలను పసిగట్టే మ్యూల్‌హంటర్ అనే సాధనం తయారుచేసింది, మంచిదే. దానితో పాటు బాధ్యతలో వాటా కూడా పెట్టాలని నేను కోరుతున్నాను. పంపిన బ్యాంకు తరఫున ఏళ్ల తరబడి అవతలి బ్యాంకులకు ఉత్తరాలు రాసి, బదులు రాక విసిగినవాడిగా చెబుతున్నాను.

బ్రెజిల్ మధ్యస్థంగా ఉంది. మెరుపు అపహరణలు పెరిగి, మనుషులను పట్టుకుని పిక్స్ చేయించడం మొదలయ్యాక, 2021లో రాత్రి 8 నుంచి ఉదయం 6 వరకు వ్యక్తుల బదిలీలకు 1,000 రియాల పరిమితి పెట్టారు. అదే ఏడాది నవంబరులో మోసపు సొమ్మును అందుకున్న ఖాతాలోనే ఆపి వెనక్కి తెచ్చే పద్ధతి తెచ్చారు. మొదట్లో ఆ ఖాతాలో మిగిలి ఉంటేనే దక్కేది. అందుకే తరువాతి ఖాతాల వరకూ వెంటాడేలా దాన్ని విస్తరించే పని చేపట్టారు. కొత్త ఫోను నుంచి పంపితే ముందుగా నమోదు చేసుకునే వరకు ఒక్కో బదిలీకి 200 రియాలే. ఈ చివరి నియమం నాకు చాలా నచ్చింది.

ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో మీ సంగతి. బ్రిటన్‌లో ఫోను నంబరుకు పంపే పేమ్ అనే సేవ 2014 నుంచి ఉండేది. వాడేవాళ్లు తగ్గిపోయి 2023లో మూసేశారు. దాని బదులు పేరు సరిచూసే ఏర్పాటు ఉంది. మీరు టైపు చేసిన పేరు, ఖాతాలో ఉన్న పేరు కలిశాయో లేదో పంపేముందే చెబుతుంది. అద్దె విషయంలో పేరు కలవలేదని వస్తే ఆగండి. విద్యార్థులకు లేని ఇల్లు చూపి అడ్వాన్సు కాజేసేవాళ్లు అక్కడ ఉన్నారు. హెచ్చరికను దాటేసి పంపడం తరువాత మీ పరిహారానికి అడ్డు కావచ్చు. మోసం అనిపించగానే బ్యాంకుకు చెప్పండి, అడగడానికి 13 నెలల గడువు ఉంది. బ్యాంకు 100 పౌండ్ల వరకు మినహాయించుకోవచ్చు. విదేశాలకు పంపినదానికి ఈ రక్షణ లేదు. అంకె తప్పు కొట్టి వేరొకరికి పంపితే అది మోసం కిందికి రాదు, దానికి వేరే విధానం ఉంది, అంత భరోసా ఉండదు. అనుమానం వచ్చిన చెల్లింపును అక్కడి బ్యాంకు అదనంగా 72 గంటల వరకు ఆపవచ్చు. మీకు అలా జరిగితే కోపం రావచ్చు, తెనాలి టీచరుగారికి ఆ 72 గంటలు దొరికి ఉంటే అన్నది నా మనసులో మాట.

మన దగ్గరా పేరు చూపడం మెరుగుపడింది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ బ్యాంకు బదిలీలకు 2025 ఏప్రిల్ నాటికి ఈ సదుపాయం ఇవ్వాలన్నారు. యూపీఐలో ఫోనులో దాచుకున్న పేరు బదులు బ్యాంకులో ఉన్న అసలు పేరే చూపాలని అదే ఏడాది ఆదేశించారు. వ్యక్తుల మధ్య డబ్బు అడిగే 'కలెక్ట్' అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి తీసేశారు. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టమని ఎవరన్నా అబద్ధమే అని మీ ఇంట్లోవాళ్లకు మరోసారి చెప్పండి.

చివరి ప్రశ్న. మీ నాన్నగారు యూపీఐతో నేరుగా మీ బ్రిటన్ ఖాతాకు పంపలేరు. వ్యక్తి నుంచి వ్యక్తికి అలాంటి వంతెన 2023 ఫిబ్రవరి 21న సింగపూర్ తక్షణ చెల్లింపుల వ్యవస్థ పేనౌతో వేశారు, దానిలోనూ రోజువారీ పరిమితి తక్కువే. మలేసియా, ఫిలిప్పీన్స్, సింగపూర్, థాయిలాండ్‌లతో కలిసి నెక్సస్ అనే ఉమ్మడి మార్గంలో మన దేశం చేరింది. నిజామాబాద్, జగిత్యాల, కడప కుటుంబాల కోసం గల్ఫ్ దేశాలతో ఇలాంటి మార్గం పూర్తిస్థాయిలో తెరుచుకోవాలని నేను ఎదురుచూస్తున్నాను. బ్రిటన్‌తో మాత్రం ఇప్పటికి లేదు. మీ నాన్నగారు బ్యాంకు ద్వారా విదేశీ బదిలీ చేయాలి. చదువు, ఇతర ఖర్చులు కలిపి ఏడాదికి ఒకరికి 2,50,000 డాలర్ల వరకు అనుమతి ఉంది. మీ పాత పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవారి రూపాయి ఖాతాగా మార్పించుకుంటే, ఆ బ్యాంకు ఒప్పుకున్న పక్షంలో +44 నంబరుతోనే యూపీఐ కొనసాగించుకోవచ్చు, అది భారత్‌లోని చెల్లింపులకు పనికొస్తుంది. ఫీజు మాత్రం గడువుకు కనీసం వారం ముందే పంపమనండి. మధ్యలో ఏ బ్యాంకు రుసుము కోసినా తక్కువ పడకుండా, రుసుములన్నీ పంపేవారే భరించే పద్ధతిని ఫారంలో ఎంచుకోమని చెప్పండి.